భోజనము మానిన చిన్నది

చదువవలసిన వాక్యభాగము: 1 సమూయేలు 1:1–18



హన్నా చరిత్రను మనము సాధారణముగా ప్రార్థనను గూర్చి బోధించుటకు తీసికొందుము. అయితే ఆమె ప్రార్థించుటకు ముందు భోజనము మానెను. పెనిన్నా ఏటేట ఆమెను విసికించినది ఆమె శరీరమును గూర్చియే. భర్తయైన ఎల్కానా ప్రేమగలవాడే, గాని తాను ఉండగా ఆమెకు దుఃఖమేలనో ఆయనకు బోధపడలేదు. యాజకుడైన ఏలీ ఆమె పెదవులను మాత్రము చూచి, త్రాగి వచ్చినదనుకొనెను. ఇంటివారును మందిరపువాడును ఆమెను చూచిరి గాని, ఆమెకు ఏమి జరుగుచున్నదో ఎవరును గ్రహింపలేదు.

మేమును ఏలీ వలెనే పొరబడితిమి. దాచక వ్రాయుచున్నాము.

మా సంఘములోని ఒక చిన్నది డిగ్రీ ముగించి, పోటీ పరీక్షల శిక్షణకై దిల్‌సుఖ్‌నగర్ వెళ్లెను. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మము వైపు పిల్లలు అనేకులు అట్లే ఎల్.బి.నగర్‌లో బస్సు దిగి, చైతన్యపురి, కొత్తపేట సందులలోని హాస్టళ్లలో ఒక్కొక్క గదికి నలుగురేసి ఉందురు. మొదటి సెలవులకు ఆమె ఇంటికి రాగా చుట్టము ఒకామె, "ఏందే, గిట్ల లావైనవ్? నిన్నెవరు చేసుకుంటరే?" అనెను. అందరును నవ్విరి. మేమును నవ్వితిమి. క్రిస్మసునాటికి చిన్నది సన్నబడెను, అందరును మెచ్చుకొనిరి. లెంటు దినములలో ఉపవాసము మొదలుపెట్టి, ఈస్టరు దాటినను విడువలేదు. యౌవనస్థుల కూటములో ఆమెను లేవనెత్తి, ప్రార్థనాపరురాలని మాదిరిగా చూపించినది మేమే.

ఆ వేసవిలో ఎల్.బి.నగర్ మెట్రో స్టేషను మెట్లమీద ఆమె మూర్ఛపోయెను. ఎవరో పరదేశి ఆమె తండ్రికి ఫోను చేసెను. నాడి మిక్కిలి నెమ్మదిగా కొట్టుచున్నదని, అయిదు నెలలుగా బహిష్టు ఆగిపోయినదని డాక్టరమ్మగారు చెప్పగా మాకు తల ఎత్తుటకు ముఖము లేకపోయెను.

ఈ వ్యాధి క్రొత్తది కాదు. 1873లో పారిస్‌లో లాసెగ్, లండనులో గల్ అను వైద్యులు వేర్వేరుగా దీనిని వర్ణించిరి. గల్ దీనికి అనోరెక్సియా నెర్వోసా అను పేరు పెట్టెను. ఒక్కసారిగా మితిమీరి తిని, పిమ్మట రహస్యముగా కక్కివేయు మరియొక రూపమును 1979లో రస్సెల్ అను వైద్యుడు బులీమియా అని పేర్కొనెను. ఈ రెండవదానిలో మనిషి సన్నబడకపోవచ్చును గనుక ఇంటివారికి తెలియుట కష్టము. భోజనమైన వెంటనే స్నానపుగదికి పోవుట, వ్రేళ్ల కణుపులమీద పండ్ల గాట్లు, పండ్లపై పొర అరిగిపోవుట దాని గురుతులు. మాటిమాటికి కక్కుటచే రక్తములో పొటాషియము తగ్గి గుండె లయ తప్పును. మగపిల్లలకును ఈ వ్యాధులు వచ్చును.

మన దేశములో ఇంకొక చిక్కు కలదు. 1995లో ఢిల్లీ వైద్యులు ఇట్టి అయిదుగురు యువతులను గూర్చి వ్రాసిరి. పాశ్చాత్య దేశపు రోగులవలె లావు భయమును గూర్చిన మాట వారిలో అంతగా కనబడలేదు. తినలేకపోవుట, వాంతులు, చిక్కిపోవుట మాత్రమే పైకి కనబడెను. మన పిల్లలును "ఆకలి లేదు", "గ్యాసు" అందురు. సంఘపు పిల్లయైతే "ఉపవాసము" అనును. ఉపవాసమునకు ఒక ముగింపు ఉండును, ఆ దినము సంతోషముగా భుజింతుము. ఇక్కడ ముగింపు దినమే భయంకరమైన దినము.

"మొండితనము, ఒక్క దెబ్బ వేస్తే తింటది" అని ఆమె మేనమామ అనెను. ఆయనకు మేమొక సంగతి చెప్పితిమి. 1944–45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయములో ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు, యుద్ధముచే కరవుపాలైన ప్రజలకు తిరిగి ఎట్లు అన్నము పెట్టవలెనో తెలిసికొనుటకు, 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు 24 వారములు సగము ఆహారమే ఇచ్చెను. మనస్సాక్షినిబట్టి ఆయుధము పట్టనొల్లని ఆ యువకులలో అనేకులు శాంతిని బోధించు సంఘములవారు. వారు తమ బరువులో సుమారు నాలుగవ వంతు కోల్పోయిరి. అంతేకాదు, పగలెల్ల తిండినిగూర్చియే తలంచిరి, వంట పుస్తకములు చదివిరి, ఒక పళ్లెము ముందు గంటలకొలది కూర్చుండిరి, స్నేహితులను విడిచి ఒంటరులైరి, ఊరక కోపపడిరి. స్థిరచిత్తులని ఏరితెచ్చినవారే అట్లయిరి. ఆకలియే మనస్సును మార్చును. అందుచేతనే చిక్కిపోయిన పిల్లతో వాదించుట వృథా. మొదట శరీరమునకు ఆహారము అందవలెను.

అయితే ఒక హెచ్చరిక. బహుదినములు పస్తున్నవారికి ఒక్కమారు బిర్యాని తెచ్చి పెట్టరాదు. రక్తములోని భాస్వరము హఠాత్తుగా పడిపోయి ప్రాణమునకే ముప్పు రాగలదు. రక్తపరీక్షలు చేయించి, వైద్యులు చెప్పిన కొలతచొప్పున దినదినము పెంచవలెను. ఏలీయా బదరీవృక్షము క్రింద చావు కోరుకొనినప్పుడు దూత గద్దింపక రొట్టెయు నీళ్లును ఇచ్చి, మరల నిద్రపోనిచ్చి, మరల పెట్టెనని 1 రాజులు 19లో చదువుదుము. లండనులోని మౌడ్‌స్లీ ఆసుపత్రి వైద్యులు 1980ల నుండి పెంపొందించిన పద్ధతిలోను తలిదండ్రులే ప్రతి పూట ప్రక్కన కూర్చుండి, నిందింపక, విడువక తినిపించుదురు. అతిగా తిని కక్కువారికి మనోవైద్యుల మాటల చికిత్స ఎక్కువ మేలుచేయును. మాసములు పట్టును, ఒక్కొకసారి సంవత్సరములు.

డాక్టరమ్మగారు మనోవైద్యులయొద్దకు పొమ్మనగా తండ్రి నేలచూపు చూచి, "ఎర్రగడ్డకు పోతే పిల్లకు పెండ్లయితదా అయ్యగారూ?" అని అడిగెను. ఆ ప్రశ్నను మేము తేలికగా తీసికొనలేదు. పిచ్చాసుపత్రియను పేరు ఊరిలో ఎంత దూరము పోవునో మాకు తెలియును. కాని మానసిక వ్యాధులలో ఎక్కువమందిని చంపు వాటిలో ఇది ఒకటియని చెప్పి, మేమే వెంట వెళ్లితిమి. ఎల్.బి.నగర్‌లో ఎక్కిన మెట్రో రైలు మారనక్కరలేకుండ ఎర్రగడ్డలోనే దింపును. అంత దూరము పోలేనివారు 14416 అను టెలి మానస్ నంబరుకు రాత్రింబగళ్లు ఉచితముగా తెలుగులో మాటలాడవచ్చును. ప్రభుత్వము 2022 అక్టోబరులో దానిని ప్రారంభించెను.

మెట్రో స్తంభములమీద సన్నబడుడి, తెల్లబడుడి యని పిలుచు ప్రకటనలను దారిపొడుగున చూచితిమి. ఫిజీ ద్వీపములలో పుష్టిగానుండుటయే అందమని పూర్వము ఎంచెడివారు. ఒక ప్రాంతమునకు 1995లో టెలివిజను వచ్చినప్పుడు, బరువు తగ్గుటకై కక్కుకొను బాలిక ఒక్కతెయు పరిశోధకులకు కనబడలేదు. 1998లో నూటికి 11 మంది కనబడిరి. మన యూళ్లలోను "ఒళ్లు చేసినవు" అనుట ఒకప్పుడు దీవెనయే గదా. ఇప్పుడు ప్రతి చేతిలో సెల్‌ఫోను ఉన్నది. అయినను మా చిన్నదాని మనస్సులో దిగబడినది ఫోనులోని బొమ్మకంటె, పండుగనాటి ఆ మాటయు మా నవ్వులును అని ఆమెయే చెప్పెను. మేము క్షమాపణ అడిగితిమి.

ఇప్పుడు ఆమె ఇంటియొద్దనే ఉన్నది. తల్లి పూటపూట ప్రక్కన కూర్చుండును. జావతో మొదలై పప్పన్నమువరకు వచ్చినది. కొన్ని దినములు ఒక గంట పట్టును, కొన్ని దినములు కన్నీళ్లతో ముగియును. మొన్నటి ప్రేమవిందులో ఆమె విస్తరివైపు ఎవరును చూడవద్దని ముందుగా అందరికి చెప్పియుంచితిమి. ఒక ముసలమ్మ మాత్రము ఆగలేక, "ఇంకింత ఏయించుకో బిడ్డా" అనెను. మేము ఊపిరి బిగబట్టితిమి. చిన్నది కొంతసేపు ఊరకుండి, విస్తరి ముందుకు జరిపి, గరిటెడు వేయించుకొనెను. అందులో సగము తినెను.