కంప్యూటర్ వేగం – గిగాహెర్ట్జ్ ఒక్కటే కాదు!



కంప్యూటర్ కొనేవాళ్ళు ముందుగా "ఎన్ని గిగాహెర్ట్జ్?" అని అడుగుతారు. అంకె పెద్దదైతే కంప్యూటర్ స్పీడుగా ఉంటుందని అనుకుంటారు. అది సగమే నిజం. మిగతా సగం ఏమిటో నాకు తెలిసినంతవరకు రాస్తున్నాను.

ప్రాసెసర్ కంప్యూటర్‌కు మెదడు లాంటిది. అది గడియారం మాదిరి టిక్కు టిక్కుమని కొట్టే తాళానికి పనిచేస్తుంది. సెకనుకు ఎన్ని టిక్కులో చెప్పేదే క్లాక్ స్పీడ్. 1 గిగాహెర్ట్జ్ అంటే సెకనుకు 100 కోట్ల టిక్కులు! కాని ఒక్కో టిక్కుకు ఎంత పని అవుతుందనేది ప్రాసెసర్ డిజైన్ మీద ఆధారపడి ఉంటుంది.

ఉదాహరణకు, వాగు నుండి నీళ్ళు తేవాలి. తమ్ముడు గంటలో 10 సార్లు తిరుగుతాడు, కాని వాడి బిందె 3 లీటర్లది. అన్న 6 సార్లే తిరుగుతాడు, ఆయన బిందె 8 లీటర్లది. తమ్ముడు తెచ్చేది 30 లీటర్లు, అన్న తెచ్చేది 48 లీటర్లు. తిరగడం క్లాక్ స్పీడ్, బిందె డిజైన్.

నిజంగా జరిగింది కూడా ఇదే. 1978లో వచ్చిన ఇంటెల్ 8086 ప్రాసెసర్ వేగం 5 మెగాహెర్ట్జ్. 2000లో వచ్చిన పెంటియం 4లో పనిని 20 చిన్న మెట్లుగా విడగొట్టారు. మెట్టు చిన్నదైతే టిక్కు త్వరగా కొట్టవచ్చు. 2004 నాటికి మెట్లు 31, వేగం 3.8 గిగాహెర్ట్జ్ అయ్యాయి. అయితే ప్రాసెసర్ తర్వాత ఏ పని వస్తుందో ఊహించి ముందే మొదలుపెడుతుంది. ఊహ తప్పితే మెట్ల మీద ఉన్న పనంతా పారేసి మళ్ళీ మొదలుపెట్టాలి. మెట్లు ఎక్కువైతే నష్టం కూడా ఎక్కువే. పైగా విపరీతమైన వేడి! 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4 తేవాలన్న ఆలోచనను ఇంటెల్ 2004లోనే మానుకుంది. 2006లో కోర్ 2 డ్యుయో తెచ్చింది. అందులో మెట్లు 14, పనిచేసే కోర్లు రెండు. 2.4 గిగాహెర్ట్జ్‌దే అయినా చాలా పనుల్లో 3.6 గిగాహెర్ట్జ్ పెంటియం 4ను దాటిపోయింది.

మా అన్న చదువు కోసం పాత కంప్యూటర్ కొనాలనుకున్నప్పుడు నేను ఇదే చెప్పాను. అమ్మానాన్నలు చింతపండు అమ్మి దాచిన డబ్బు అది. అంకె ఒక్కటే చూసి ఇచ్చేయకూడదు కదా! ప్రాసెసర్ పేరేమిటి, ఏ సంవత్సరానిది, కోర్లెన్ని అని అడగాలి. మనం రోజూ చేసే పనినే దాని మీద చేయించి చూడాలి.

గుర్తుంచుకోండి: వేగం = సెకనుకు టిక్కులు × టిక్కుకు జరిగే పని.

మీకో ప్రశ్న: ఒక ప్రాసెసర్ 3 గిగాహెర్ట్జ్, టిక్కుకు 2 పనులు. ఇంకొకటి 2 గిగాహెర్ట్జ్, టిక్కుకు 4 పనులు. ఏది ముందు? లెక్క కట్టి చూడండి!