అంకెల గళ్లలో తప్పులు: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: దినపత్రికలో వచ్చిన సుడోకును ఎనిమిదో తరగతి విద్యార్థిని ఒకరు సాయంత్రమంతా కూర్చుని పూరించగా, చివరికి ఒకే అడ్డవరుసలో రెండు ఆరులు పడ్డాయి. తనకు లెక్కలు రావని ఆ అమ్మాయి కాగితం పక్కన పెట్టేసింది. తప్పు పిల్లదో పత్రికదో తేల్చే మార్గం ఉందా? (అరకులోయ మండలం నుండి ఒక ఆశ్రమ పాఠశాల ఉపాధ్యాయుడు)

జవాబు: ఉంది, దానికి కంప్యూటర్ అవసరం లేదు. ఎనభై ఒక్క గళ్ల సుడోకులో ప్రతి అడ్డవరుసలోను, ప్రతి నిలువు వరుసలోను, తొమ్మిదేసి గళ్ల ప్రతి చిన్న చదరంలోను 1 నుండి 9 వరకు అంకెలు ఒక్కొక్కసారే రావాలి. ముందుగా అచ్చువేసి ఇచ్చే అంకెలను ఆధారాలు అంటారు. పూరించేటప్పుడు వేసే అడుగులు రెండు రకాలు. ఎడమ చదరంలో 7 నాలుగో వరుసలోను, కుడి చదరంలో 7 ఆరో వరుసలోను ఉన్నప్పుడు నడిమి చదరంలో 7 ఐదో వరుసలోనే పడాలి. అక్కడి మూడు గళ్లలో రెండు ముందే నిండి ఉంటే మూడో గడి 7కే చెందుతుంది. ఇది తప్పనిసరి అడుగు. రెండు అంకెలకూ చోటున్న గడిలో ఏదో ఒకటి వేసి చూడటం ఊహ. తప్పనిసరి అడుగులను పెన్నుతోను, ఊహలను, వాటి మీద ఆధారపడిన అడుగులను పెన్సిలుతోను రాసుకుంటే విషయం తేలిపోతుంది. పెన్సిలు అంకె ఒక్కటైనా ఉన్న గళ్లలో రెండు ఆరులు ఎదురైతే తప్పింది ఆ ఊహ కావచ్చు కనుక వెనక్కి వెళ్లి రెండో అంకెను ప్రయత్నించాలి; పెన్ను అంకెలతోనే అక్కడికి చేరితే, అడుగులన్నీ మరొకసారి సరిచూసుకున్న తరువాత, తప్పు అచ్చులోనే ఉందని నిస్సందేహంగా చెప్పవచ్చు. తొమ్మిది ఆరుగా మారడం, ఒక అంకె పక్క గడిలోకి జరగడం ఇందుకు కారణాలు కావచ్చు.

ఈ మాట ఆ విద్యార్థినికి చెప్పడం ఎంతో అవసరం. ఇంట్లో కువి, ఆదివాసీ ఒడియా వంటి భాషలు మాట్లాడి బడిలో తెలుగు నేర్చుకునే పిల్లలకు, పత్రిక మొత్తంలో భాష అడ్డురాని మూల ఆ అంకెల చదరమే; అక్కడ జరిగిన తప్పును పిల్లలు తమ తెలివి మీద వేసుకోవడం బాధాకరమైన విషయం.

ప్రశ్న: పూరణ అన్ని నియమాలకూ సరిపోయింది, కాని మరునాడు పత్రిక ఇచ్చిన జవాబుతో నాలుగు గళ్లలో తేడా వచ్చింది. ఏది సరైనది? (డుంబ్రిగూడ)

జవాబు: పత్రిక జవాబు నిన్నటి చదరానిదేనా అన్నది ముందుగా ఆధారాలతో పోల్చి చూసుకోవాలి. చదరం అదే అయితే రెండు పూరణలూ సరైనవే, తప్పు ప్రశ్నలో ఉంది. నాలుగు, ఐదు అడ్డవరుసలు, రెండు, ఎనిమిది నిలువు వరుసలు కలిసే నాలుగు గళ్లను ఉదాహరణగా తీసుకుంటే, పై వరుసలో 3, 8 ఉండి కింది వరుసలో 8, 3 ఉన్నప్పుడు, వాటిని తారుమారు చేసినా వరుసలకు గాని, చిన్న చదరాలకు గాని ఏ లోటూ రాదు. అందువల్ల ఆ నాలుగింటిలో ఒకటైనా ఆధారంగా అచ్చు కావాలి. పేజీ కూర్పులో ఆ ఒక్క అంకె జారిపోతే జవాబులు రెండవుతాయి. అదేవిధంగా 1 నుండి 9 వరకు గల అంకెలలో రెండు అసలు ఆధారాలలోనే కనిపించకపోతే, పూరణలో ఆ రెండింటినీ పరస్పరం మార్చవచ్చు కాబట్టి, అటువంటి చదరానికి ఒకే జవాబు ఉండటం అసంభవం.

పద్యాల సమస్యాపూరణంలో ఒకే సమస్యను పదిమంది కవులు పది విధాలుగా పూరించడం అందమే అయినా, సుడోకు అందం అందుకు పూర్తిగా భిన్నమైనది: జవాబు ఒక్కటే ఉంటుందన్న మాట మీదనే అది నిలబడి ఉంది. ఆ మాట తప్పిన పెద్ద ఉదాహరణ 2005లో ఇంగ్లండ్‌లో కనిపించింది. బ్రిస్టల్ దగ్గర కొండవాలు మీద ఒక టెలివిజన్ సంస్థ దాదాపు 84 మీటర్ల భుజంతో చెక్కించిన సుడోకుకు 1,905 జవాబులు ఉన్నాయని తరువాత బయటపడింది.

ఆధారాలు తక్కువగా ఉన్నంత మాత్రాన తప్పని అనుకోనక్కర్లేదు. పదిహేడు ఆధారాలతోనూ ఒకే జవాబు గల చదరాలు ఉన్నాయి. పదహారుతో సాధ్యం కాదని 2012లో డబ్లిన్ గణితజ్ఞుడు గేరీ మెక్‌గ్వైర్ బృందం కంప్యూటర్ గణనతో నిరూపించింది.

ప్రశ్న: పోటీపరీక్షల పేజీలో 2, 4, 8 తరువాత వచ్చే సంఖ్య 16 అని జవాబు ఇచ్చారు. 14 అన్నది తప్పవుతుందా? (పాడేరు)

జవాబు: కాదు. ప్రతి సంఖ్యనూ రెట్టింపు చేస్తే 16 వస్తుంది. తేడాలను 2, 4, 6 అని పెంచుకుంటూ పోతే 14 వస్తుంది. నిజానికి మూడు సంఖ్యల తరువాత ఏ సంఖ్యను రాసినా దానికి తగిన సూత్రాన్ని కట్టవచ్చు కనుక, ఇంత చిన్న శ్రేణిని అడిగేవారు నియమాన్ని చెప్పాలి, లేదా మరికొన్ని సంఖ్యలు ఇచ్చి ప్రశ్నను బిగించాలి. 1 నుండి 9 అంకెల మాయాచదరాన్ని, అనగా అడ్డంగా, నిలువుగా, ఐమూలగా కూడినా 15 వచ్చే తొమ్మిది గళ్ల చదరాన్ని, నడిమి 5 మాత్రమే ఇచ్చి పూరించమనడం కూడా ఇటువంటి పొరపాటే. దానిని తిప్పి, బోర్లించి ఎనిమిది విధాలుగా నింపవచ్చు.

ప్రశ్న: తప్పు గురించి పత్రికకు ఎలా రాయాలి? సవరణ వేసినా ఆ పత్రిక కొండమీదికి రాకపోతే ఏం ప్రయోజనం? (ముంచింగిపుట్టు)

జవాబు: తేదీ, సంచిక, పేజీ సంఖ్య రాసి, కత్తిరించిన చదరాన్ని జతచేసి, ఏ అడ్డవరుసలో ఎన్నో గడి వద్ద ఇబ్బంది వచ్చిందో చెబితే, తప్పును వెతికే శ్రమ సంపాదకవర్గానికి సగం తగ్గుతుంది, రెండు జవాబులు వచ్చిన పక్షంలో రెండింటినీ పంపాలి.

రెండో ప్రశ్న న్యాయమైనదే. విశాఖపట్నం నుండి శృంగవరపుకోట, అనంతగిరి మీదుగా ఘాట్ ఎక్కి, అరకు దాటి వచ్చే పత్రిక ప్రతిరోజూ అందని గూడేలలో, “నిన్నటి చదరంలో మూడో వరుస రెండో గడిలో 6కు బదులు 9 అని చదువుకోగలరు” అన్న ఒక్క వాక్యం ఎవరికీ ఉపయోగపడదు, ఎందుకంటే నిన్నటి కాగితం అప్పటికే సంతలో ఎండుమిరపకాయల పొట్లమై ఉండవచ్చు. అందుచేత సవరణ అంటే సరిచేసిన చదరాన్ని పూర్తిగా మళ్లీ అచ్చువేయడమేనని పాఠకులు గట్టిగా అడగాలి. అంతకన్నా ముందు జరగవలసినది మరొకటి ఉంది. ఇప్పుడు సుడోకులను ఎక్కువగా కంప్యూటర్ ప్రోగ్రాములే తయారుచేస్తున్నందున, తప్పు దొర్లే అవకాశం తయారీలో కన్నా పేజీ కూర్పులోనే ఎక్కువ. కాబట్టి జవాబు చూడని వ్యక్తి ఒకరు, మూలప్రతి నుండి కాకుండా అచ్చుకు వెళ్లబోయే పేజీ నుండే, ఆ చదరాన్ని చేత్తో పూరించి చూడాలి.