కియా కారు వారంటీ ఎవరికి చెందును?

ప్రశ్న: మాది పెనుకొండ. ఈస్ట్ హామ్‌లో కాపురముంటున్నాము. ఐదేండ్ల నాటి కియా స్పోర్టేజ్ ఒకటి అమ్మకానికి వచ్చినది. ఇది మా ఊరి కర్మాగారపు కారేనా? మొదటి యజమానికి ఇచ్చిన వారంటీ మాకు వర్తించునా?
— ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, 1944లో సైకిలు భాగములు చేయు చిన్న కర్మశాలగా సియోలులో పుట్టి, 1997లో దివాలా తీసి, మరుసటి ఏట హ్యుందాయ్ చేతికి వచ్చి, 2019లో మీ పెనుకొండ చెంతనున్న ఎర్రమంచిలో సెల్టోస్ కారును తయారుచేయ నారంభించిన సంస్థయే కియా. మన తెలుగువారి చేతిపని లోకమున తిరుగుచున్నదని తలచిన నాకును గర్వమే. అయినను మీరు చూచిన స్పోర్టేజ్ స్లొవేకియాలోని జిలినా కర్మాగారము నుండి వచ్చినది.

వారంటీ వ్యక్తిని గాక వాహనమును అనుసరించును గనుక, బ్రిటన్‌లో కియా ఇచ్చు ఏడేండ్ల లేక లక్ష మైళ్ల హామీలో మిగిలిన భాగము మీకు సంక్రమించును. యజమానులు ఈ కార్లను మెచ్చుటకు ఈ సుదీర్ఘమైన హామీ ఒక హేతువు. వారి నిరాశకును తరచు మూలమిదియే, ఏలయన టైర్లు, బ్రేకు ప్యాడ్లు వంటి అరిగిపోవు భాగములు దానిలోనికి రావు, సకాలమున సర్వీసు చేయింపని బండికి ఉచితమైన మరమ్మతు నిరాకరింపబడవచ్చును.

కావున బయానా ఇచ్చుటకు మున్ను సర్వీసు రికార్డులోని తేదీలను, మైళ్లను సరిచూడుడు. బండి నంబరుతో ప్రభుత్వ వెబ్‌సైటులో ఎం.ఓ.టి. (వార్షిక తనిఖీ) చరిత్ర ఉచితముగా లభించును. తీరని ఫైనాన్సు ఉన్నదేమో తప్పక విచారింపుడు. వ్యాపారి వద్ద కొన్నచో, దోషమున్న బండిని ముప్పది దినములలో తిరిగి ఇచ్చు హక్కు 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టము వలన కలదు. వ్యాపారి కాని వ్యక్తి వద్ద కొన్నవారికి ఈ రక్షణ లేదు.

వ్యాపారి మీ మాట తోసిపుచ్చినచో సిటిజెన్స్ అడ్వైస్ అను ఉచిత సలహా సంస్థను సంప్రదింపుడు. కొన్న పిమ్మట ఎర్రని హెచ్చరిక దీపము వెలిగినచో బండిని సురక్షిత స్థలమున నిలిపి మెకానిక్కును పిలువుడు.