న్యాయ సలహా: రంగు మీద చేయి పడకముందే

గత వర్షకాలము మొదలుకొని మోపిదేవి, అవనిగడ్డ, చల్లపల్లి, నాగాయలంక ప్రాంతముల నుండి నా కార్యాలయమునకు వచ్చుచున్న కక్షిదారుల నోట ఒకే విధమైన ఫిర్యాదు పదేపదే వినబడుచున్నది. ఇంజను బాగున్నది, నడకలో లోపము లేదు. కాని లక్షలు పోసి కొన్న కొత్త కారు బానెట్ మీద మొదటి వానలకే పొక్కులు లేచినవి, తలుపు అంచున పైపొర పెచ్చులుగా ఊడుచున్నది, బంపరు రంగొకటి, దాని ప్రక్కనున్న రేకు రంగొకటిగా కనబడుచున్నది. సుబ్రహ్మణ్యేశ్వరస్వామివారి సన్నిధిలో పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి, ఇంటిల్లిపాదియు ఎక్కి వచ్చిన వాహనము ఏడాది తిరుగకమునుపే పాతబండివలె కనబడుచుండిన, ఆ కుటుంబమునకు కలుగు మనస్తాపము చిన్నది కాదు.

వీరి బాధ న్యాయమైనది. వీరి హక్కు స్పష్టమైనది. అయినను వీరిలో పెక్కుమంది వ్యాజ్యములు నా బల్లమీదికి వచ్చునప్పటికే సగము బలము కోల్పోయి యుండుటకు కారణమొక్కటే. లోపమును కాగితముమీద పెట్టకయే, నిపుణునిచేత పరీక్షింపజేయకయే, షోరూమువారు ‘ఉచితముగా రంగు వేసి ఇచ్చెదము’ అనగానే వాహనమును వారికప్పగించి, తిరిగి తెచ్చుకొనునాడు సంతృప్తి పత్రముమీద సంతకము చేసి వచ్చుచున్నారు. ఈ వ్యాసములో నేను వ్రాయబోవు తక్కిన సంగతులన్నియు మరచినను మరువవచ్చును గాని, ఈ ఒక్కదానిని మరువరాదు: వ్రాతపూర్వకమైన ఫిర్యాదు, ఛాయాచిత్రములు, పరీక్ష ముగియనంతవరకు ఆ రంగుమీద ఎవ్వరినీ చేయి వేయనీయవద్దు.

కర్మాగారములో రేకుకు రంగు వేయు పద్ధతిని కొంచెము తెలిసికొన్నచో ఈ హెచ్చరికలోని కారణము బోధపడును. శుభ్రపరచిన రేకుకు మొదట ఫాస్ఫేటు పూత, ఆపైన విద్యుత్ప్రవాహ సహాయముతో ద్రావణములో ముంచి పట్టించు తుప్పునిరోధక ప్రైమరు, దానిపైన మరియొక ప్రైమరు, పిదప అసలు రంగు, చివరకు మెరుపునిచ్చు క్లియర్ కోటు ఒకదానిమీద ఒకటి పట్టించి, పై పొరలను సుమారు 140 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాల్చుదురు. ఇన్ని పొరలు కలిసియు సాధారణముగా 100 నుండి 150 మైక్రాన్ల మందము మాత్రమే ఉండును. రేకు సరిగా శుభ్రపడకున్నను, నూనె మరకయో తేమయో పొరల నడుమ చిక్కుకొన్నను, కాల్చుట చాలకున్నను, ఆ దోషము కొన్ని మాసముల పిమ్మట పొక్కుగానో పెచ్చుగానో బయటపడును. షోరూము వెనుకనున్న పెయింటు బూతులో, సీట్లు, తీగలు, ప్లాస్టిక్కు భాగములు బిగించియున్న కారును అంత వేడికి గురిచేయుట సాధ్యము కాదు గనుక అక్కడ 60 డిగ్రీల ప్రాంతముననే ఆరబెట్టుదురు. ఉప్పుకాగితముతో పాత పొరలను రుద్దివేసి క్రొత్త పూత పూయుదురు. దానితో దోషమెట్టిదో చెప్పగల ఏకైక సాక్షి, అనగా ఆ మొదటి పొర, శాశ్వతముగా అంతరించిపోవును.

ఇటీవల నేను దాఖలు చేసిన వ్యాజ్యమే ఇందుకు తార్కాణము. నా కక్షిదారుడు మా మండలములోనే రొయ్యల చెరువులు సాగుచేసికొను యువకుడు. కారు కొన్న మొదటి వర్షకాలములో బానెట్‌మీదను ఎడమవైపు రెండు తలుపులమీదను పొక్కులు లేచినవి. షోరూమునకు పోగా సర్వీసు అడ్వైజరు కారును చూచినట్లే చూచి, ‘మీది సముద్రం ఒడ్డు ఊరు కదండీ, ఉప్పుగాలికి అలాగే అవుతుంది; అయినా మీరు మా కస్టమరు కాబట్టి ఊరికే వేయించేస్తాం’ అన్నాడట. మనవాడు సంతోషించి తాళములిచ్చి వచ్చినాడు. జాబ్ కార్డులో ‘పొక్కులు’ అన్న మాటయే లేదు. ‘కస్టమర్ కోరికపై పెయింట్ పని’ అని ఉన్నది. ఒక్క ఫోటోయైనను తీయలేదు. కారు తిరిగి తీసికొనునాడు ఇంగ్లీషులోనున్న పత్రమును చదువకయే సంతకము చేసినాడు. నాలుగు మాసములు గడచునప్పటికి వేసిన రంగు వెలిసి, ఆ తలుపులు కారుకు అతుకు వేసినట్లు కనబడసాగినవి. రెండవసారి పోగా, ‘పని అయిపోయిందని మీరే సంతకం పెట్టారు’ అన్నారట. ‘షోరూమువాళ్లు మంచివాళ్లేనండి ప్లీడరు గారూ, అందుకే నమ్మానండి’ అని అతడు నా యెదుట చెప్పినప్పుడు నాకు కలిగిన కోపము షోరూముమీద ఎంతయో, అతని ఏమరుపాటుమీద అంతయు.

చట్టము అతనికి ఏమిచ్చినదో చూడుడు. 2020 జూలై 20 నుండి అమలులోనున్న 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము, వస్తువు నాణ్యతలో చట్టమువలన గాని ఒప్పందమువలన గాని విక్రేత చెప్పుకొన్న మాటవలన గాని ఉండదగిన ప్రమాణమునకు తక్కువైన ప్రతి కొరతను లోపముగానే పరిగణించును. కారు నడచుచున్నది గదా అన్నది సమాధానము కాజాలదు. లోపమును సరిచేయుమనియు, వస్తువును మార్చి ఇమ్మనియు, సొమ్ము వాపసు చేయుమనియు, నష్టపరిహారము చెల్లింపుమనియు ఆజ్ఞాపించు అధికారము 39వ విభాగము క్రింద వినియోగదారుల కమిషనుకు కలదు. అయితే లోపము తయారీలోనిదే యని నిరూపించు భారము ఫిర్యాదుదారునిది. పరీక్ష లేకుండ తేలని లోపమైనచో దానిని పరీక్షకు పంపు విధానమును 38వ విభాగము చెప్పుచున్నది, నివేదికకు 45 దినముల గడువునుకూడ విధించినది. రుద్దివేసిన రంగును ఏ నిపుణుడు పరీక్షింపగలడు? గాయమును వైద్యుడు చూడకముందే మాన్పివేసి, తరువాత గాయపు ధృవపత్రము కోరినట్లుండును. కనుకనే మరల చెప్పుచున్నాను: పరీక్షకు ముందు రంగు వేయనీయవద్దు.

‘ఉప్పుగాలి’ అన్న మాటకు భయపడవలసిన పనిలేదు. వారంటీ పుస్తకములలో ఉప్పు, పక్షుల రెట్ట, రసాయనపు పొగ, రాతిదెబ్బలవలన కలుగు నష్టమును మినహాయించుట వాస్తవమే. కాని తమ కార్లు మచిలీపట్టణములోను కోడూరులోను తిరుగునని తెలిసియే తయారీదారులు ఇక్కడ అమ్ముచున్నారు. గాలివలన కలిగిన నష్టము సామాన్యముగా రాయి తగిలి రేకు బయటపడినచోటనో అంచులందో మొదలై పైనుండి లోనికి పోవును. పై పొర చెక్కుచెదరక లోపలినుండి పొంగిన పొక్కుకు కారణము వేరుగా వెదకవలెను. ఈ భేదమును చెప్పగలవాడు నిపుణుడు. చెప్పుటకు వానికి కావలసినది చేయిపడని రంగు.

ఇక డెలివరీనాటి జాగ్రత్తను గూర్చి ఒకమాట. అన్ని దోషములు కర్మాగారములో పుట్టవు. ట్రెయిలరుమీద రాకపోకలలో గీతపడిన కారుకు, యార్డులో నెలలతరబడి ఎండకు ఎండిన కారుకు, చాటున రంగువేసి కొత్తదిగా అంటగట్టుట లోకమంతటను ఉన్న దురాచారము. అమెరికాలోని అలబామా రాష్ట్రములో ఒక వైద్యుడు 1990లో నలుబదివేల డాలర్లకు పైబడిన ధరకు బీఎండబ్ల్యూ కారు కొని తొమ్మిది మాసములు నడిపిన పిమ్మట గాని, దానికి అమ్మకమునకు ముందే తిరిగి రంగు వేసినారని తెలియలేదు. మరమ్మతు వ్యయము ధరలో మూడు శాతమునకు లోపైనచో కొనువానికి చెప్పనవసరము లేదన్నది ఆ సంస్థ విధానమట. జ్యూరీ నష్టమునకు నాలుగువేల డాలర్లు, శిక్షగా నలుబది లక్షల డాలర్లు విధించగా, రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానము ఆ శిక్షను సగమునకు తగ్గించినది. 1996 మే నెలలో ఆ దేశపు సుప్రీంకోర్టు అదియును మితిమీరినదని కొట్టివేసినది. కాని కారు విలువ తగ్గినది నిజమేనన్న సంగతి మాత్రము నిలిచినది. మన చట్టములోను, మరమ్మతు చేసిన వస్తువునో పాతవస్తువునో క్రొత్తదని చూపుట 2వ విభాగము ప్రకారము అనుచిత వ్యాపార పద్ధతి.

మన దేశములో గోవాకు చెందిన కొనుగోలుదారుడొకరికి 2011 మోడలని చెప్పి, 622 కిలోమీటర్లు తిరిగి, క్రిందిభాగము తుప్పుపట్టిన 2009 మోడలు కారును అప్పగించిన వ్యాజ్యములో, సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరి 18న తీర్పు చెప్పుచు, డీలరు చేసిన మోసము తయారీదారైన టాటా మోటార్స్‌కు తెలిసినట్లు రుజువు లేనందున ఆ సంస్థను విడిచిపెట్టినది. డీలరు బాధ్యత మాత్రము తొలగలేదు. దీనినుండి గ్రహింపవలసినది స్పష్టము. లోపము కర్మాగారమున పుట్టినదా, షోరూమున పుట్టినదా అన్నదానినిబట్టి బాధ్యుడు మారును గనుక, ఇరువురను ప్రతివాదులుగా చేర్చి, ఒక్కొక్కరిపై ఆరోపణను విడివిడిగా వ్రాయవలెను. ఇట్టి మోసమునకు గురికాకుండుటకు వాహనమును రిజిస్ట్రేషనుకు ముందే, పగటి వెలుతురులో, కడిగి తుడిచిన పిమ్మట చూడుడు. తలుపుల అంచులు, రబ్బరు పట్టీల క్రింద రంగు తుంపరలు, బోల్టుల తలలమీది రంగు పగుళ్లు పరికింపుడు. అమ్మకపు ధ్రువపత్రమైన ఫారం 21లోని తయారీ మాసమును చదువుడు. రంగు మందమును కొలచు చిన్న పరికరము ఈనాడు పట్టణములలో దొరకును. ఒక తలుపు 120 మైక్రాన్లు చూపి దాని ప్రక్కది 250 చూపినచో ఆ కారు తీసికొనవద్దు. మీ పేర రిజిస్టరైన మరునాడు మార్చుమన్నచో డీలరు ‘ఇక అది పాతబండి’ అనును.

నా సోదర న్యాయవాదులు కొందరు ఈ వ్యాజ్యములలో ఉత్పత్తి బాధ్యత అధ్యాయమును ఉదహరించుచు కాలము వృథా చేయుచున్నారు. ఆ అధ్యాయము చెప్పు ‘హాని’లో వస్తువునకే కలిగిన హాని చేరదని చట్టమే చెప్పినది, రంగు పాడైన కారుకు తగినది లోపమును గూర్చిన సాధారణ ఫిర్యాదు. అట్లే ప్రతివాడును ‘కొత్తకారే ఇప్పించండి’ అని పట్టుబట్టుట మంచిది కాదు. ఒక భాగములో లోపమున్నంతమాత్రాన కారంతయు మార్పించలేమని 2006లో మారుతీ సంస్థ వ్యాజ్యములో సుప్రీంకోర్టు చెప్పినది. రంగు పూర్తిగా చెడినచో మార్పు కోరుడు. లేనిచో నాణ్యమైన రంగుపని వ్యయము, తగ్గిన మారువిలువ, మనోవేదనకు పరిహారము కోరుడు. అడుగదగినది అడిగినవాని మాటకే కమిషనులో గౌరవము.

ఫిర్యాదుదారుడు నివసించు జిల్లాలోనే వ్యాజ్యము వేయవచ్చును గనుక, కారు ఏ నగరమున కొన్నను మనకు మచిలీపట్టణములోని జిల్లా కమిషనే చాలును. చెల్లించిన ధర 50 లక్షలకు మించనంతవరకు దానికి అధికారము కలదు; 5 లక్షలవరకు రుసుమే లేదు, 10 లక్షలవరకు 200, 20 లక్షలవరకు 400 రూపాయలు మాత్రమే. కాలపరిమితి రెండేండ్లు, షోరూముతో ఉత్తరములు నడపుచున్నంత మాత్రమున ఆ గడువు ఆగదు. పరీక్ష అవసరమైన వ్యాజ్యమును అయిదు మాసములలో తేల్చవలెనని చట్టము చెప్పుచుండగా, నిపుణుని నియమించుటకే వాయిదాలమీద వాయిదాలు పడుట నాకు దుస్సహముగా నున్నది; వానలకు, ఎండలకు ఆ రంగు దినదినము మారుచుండునన్న ఎరుక అధికారులకు ఉండవలెను. కనుక ఫిర్యాదుతోపాటే పరీక్షకై మధ్యంతర దరఖాస్తు వేయించుడు.

ఇప్పటికే రంగు వేయించుకొన్నవారు పూర్తిగా నిరాశ చెందనక్కరలేదు. వారంటీక్రింద వేసిన రంగు ఖర్చును డీలరు తయారీదారునుండి రాబట్టుకొనునప్పుడు సామాన్యముగా ఛాయాచిత్రములతో, కారణముతో కూడిన క్లెయిము పంపును. ఆ పత్రములను తెప్పించు అధికారము కమిషనుకు కలదు. నా కక్షిదారుని కారులో డిక్కీ తలుపును వారు ముట్టలేదు. దానిపైనను పొక్కులు ఇప్పుడు మొదలైనవి. చేయిపడని ఆ రేకును పరీక్షింపుమనియు, క్లెయిము పత్రములను తెప్పింపుమనియు దరఖాస్తులు వేసియున్నాను. అతని వ్యాజ్యము ఆ ఒక్క తలుపుమీద నిలిచియున్నది.

మీ కారుమీద పొక్కు కనబడిన దినముననే తేదీ వేసి ఇట్లు వ్రాయుడు: ‘ఫలానా తేదీన కొన్న నా వాహనము ఫలానా భాగములమీద రంగు పొంగినది. ఫోటోలు జతపరచితిని. తయారీ సంస్థ ప్రతినిధి నా సమక్షములో పరిశీలించి కారణమును వ్రాతపూర్వకముగా తెలుపవలెను. అంతవరకు రంగుపనికి నేను సమ్మతింపను.’ నకలుమీద షోరూము ముద్ర వేయించుకొనుడు; వేయకున్నచో స్పీడ్ పోస్టులో పంపుడు, తయారీ సంస్థకు మరియొకటి పంపుడు, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోనుచేసి ఫిర్యాదు నమోదు చేయించుడు. ఫోటోలు తీసిన ఫోనును అమ్మివేయవద్దు. భారతీయ సాక్ష్య అధినియమము 63వ విభాగపు ధృవపత్రమునకు అది కావలెను. ఆ పిమ్మట కారణము వ్రాసి ఇచ్చినచో రంగు వేయించుకొనుడు, జాబ్ కార్డులో లోపము పేరు వ్రాయించుడు, సంతృప్తి పత్రముమీద ‘హక్కులకు భంగము లేకుండ’ అని మీ చేతితో వ్రాసియే సంతకము చేయుడు. కారణము వ్రాసి ఇచ్చుటకు నిరాకరించినచో కారును వారికప్పగింపక ఇంటికి తెచ్చుకొని, ఆ కాగితములతో న్యాయవాది వద్దకు పొండు.