రొట్టెముక్క ఇచ్చి పాఠం చెప్పించుకున్న వక్త

పేరెంట్స్ మీటింగులో నన్ను అందరూ అడిగేది ఒకటే: "మేడం, మా వాడు స్టేజీ మీద ఇంగ్లీషులో ఎప్పుడు మాట్లాడతాడు?" ఈ నెల ఎనిమిదో తరగతికి ఫ్రెడరిక్ డగ్లస్ జీవితం చెప్పాను. మీరూ చదవండి.

అమెరికాలోని మేరీలాండ్‌లో బానిసగా పుట్టాడు. బాల్టిమోర్‌లో తాను పనిచేసే ఇంటావిడ సోఫియా ఆల్డ్ అక్షరాలు నేర్పడం మొదలుపెట్టింది. చదువొస్తే వీడు బానిసగా పనికిరాడని భర్త ఆపించాడు. చదువు విలువ ఆ మాటతోనే తెలిసిందట డగ్లస్‌కి! ఇంట్లోంచి రొట్టె పట్టుకెళ్లి, వీధిలోని పేద తెల్లపిల్లలకు పెట్టి పాఠం చెప్పించుకునేవాడు. ఓడలు కట్టేచోట చెక్కల మీద వడ్రంగులు వేసే అక్షరాలు చూసి రాత నేర్చుకున్నాడు. పన్నెండేళ్ల వయసులో 50 సెంట్లు పెట్టి ఉపన్యాసాల పుస్తకం కొని, వీలు దొరికినప్పుడల్లా చదివాడు.

1838లో తప్పించుకున్నాడు. 1841లో నాంటకెట్ సభలో మాట్లాడమంటే ఒళ్లంతా వణికిందని తనే రాసుకున్నాడు. తర్వాత ఎంత బాగా మాట్లాడాడంటే, ఇతను బానిసగా ఉన్నాడంటే జనం నమ్మలేదు. అందుకే 1845లో యజమానుల అసలు పేర్లతో ఆత్మకథ అచ్చువేశాడు. మళ్లీ పట్టుకుపోతారనే భయంతో బ్రిటన్ వెళ్లాల్సి వచ్చింది.

మా క్లాసులో పిల్లలు ఎక్కువగా అడిగింది ఆ వణుకు గురించే. "అంత పెద్దాయనకీ భయమేనా మేడం?" అని.

ఈ నెల రోజూ రాత్రి ఒక పేజీ పైకి చదివించి వినండి. తెలుగైనా సరే. తప్పు చదివితే మధ్యలో మాత్రం ఆపకండి.