కంప్యూటర్ వైరస్‌కు విరుగుడు ఎలా తయారవుతుంది?

— తృతీయ సంవత్సరం, బి.ఎస్సీ.

వైరస్ అనగానే మనకు జలుబు, మశూచి గుర్తుకొస్తాయి. కంప్యూటర్ వైరస్‌కు మాత్రం ప్రాణం లేదు. అది ఎవరో మనిషి రాసిన ప్రోగ్రామే. తన నకళ్లను తానే తయారుచేసుకుంటూ ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి పాకుతుంది. ఏదో ఒక ఫైలును ఆశ్రయించి బతికేదాన్ని వైరస్ అనీ, నెట్‌వర్కు వెంట తనంతట తానే పాకేదాన్ని వర్మ్ అనీ అంటారు.

ఇలాంటిది విరుచుకుపడినప్పుడు నిపుణులు ఏం చేస్తారు? 'వనాక్రై' ఉదంతం చూద్దాం.

2017 మే 12, శుక్రవారం. ఈ వర్మ్ సోకిన కంప్యూటర్లలో ఫైళ్లన్నీ రహస్య లిపిలోకి మారిపోయాయి. 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్ కడితేనే తిరిగి ఇస్తామని తెరమీద నోటీసు! కొద్ది రోజుల్లో సుమారు 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దీని బారినపడ్డాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖవి కూడా కొన్ని ఉన్నాయి. ఇంగ్లండులో కొన్ని ప్రభుత్వ ఆసుపత్రులు అంబులెన్సులను వేరేచోటికి మళ్లించవలసి వచ్చింది.

నిపుణుల మొదటి పని నమూనా సంపాదించడం. చేలో తెగులు కనిపిస్తే రోగం పట్టిన ఆకు కోసుకెళ్లి చూపిస్తాం కదా, ఇదీ అంతే. రెండోది పరీక్ష. మిగతా నెట్‌వర్కుతో సంబంధం లేని కంప్యూటర్‌లో దాన్ని నడిపించి, ఏ ఫైళ్లను ముట్టుకుంటోంది, ఏ చిరునామాలను పిలుస్తోంది అని కనిపెడతారు. దాని యంత్రభాషను విప్పి చదువుతారు. మూడోది గుర్తు. ఆ ప్రోగ్రాంలో మాత్రమే కనిపించే అంకెల వరుసను పట్టుకుని యాంటీవైరస్ జాబితాలో చేరుస్తారు. అయితే అదే గుర్తు మంచి ప్రోగ్రాంలో ఉంటే దాన్నీ తుడిచేసే ప్రమాదం ఉంది. అందుకే ముందుగా పరీక్షించి, తర్వాతే అందరికీ పంపుతారు. వేషం మార్చే వైరస్‌లు కూడా ఉంటాయి కాబట్టి, గుర్తుతోపాటు ప్రవర్తనను కూడా గమనిస్తారు. ఒక ప్రోగ్రాం ఒక్కసారిగా వందల ఫైళ్లను తిరగరాస్తుంటే అనుమానించాల్సిందే.

వనాక్రై నమూనాను పరిశీలిస్తున్న 22 ఏళ్ల ఇంగ్లీషు యువకుడు మార్కస్ హచిన్స్, అది ఎవరి పేరా లేని ఒక పొడవాటి ఇంటర్నెట్ చిరునామాను పిలుస్తోందని గమనించాడు. వ్యాప్తిని లెక్కగట్టవచ్చని, సుమారు పది డాలర్లు చెల్లించి ఆ చిరునామాను తన పేర రిజిస్టరు చేశాడు. తీరా చూస్తే, అక్కడి నుంచి జవాబు వస్తే వర్మ్ ఆగిపోయేలా రాసి ఉంది! వ్యాప్తికి అడ్డుకట్ట పడింది. కానీ అప్పటికే తాళం పడిన ఫైళ్లు మాత్రం అలా తెరుచుకోలేదు.

అసలు విషాదం వేరే ఉంది. ఈ వర్మ్ దూరిన కంతను పూడ్చే సవరణను మైక్రోసాఫ్టు మార్చి 14నే, అంటే దాదాపు రెండు నెలల ముందే విడుదల చేసింది. వేసుకోనివాళ్లే ఎక్కువగా దెబ్బతిన్నారు. ఇంగ్లండులో 19,000కు పైగా ఆసుపత్రి అపాయింట్‌మెంట్లు రద్దయి ఉంటాయని అంచనా.

నిపుణులు రాత్రింబవళ్లు శ్రమించి మందు కనిపెట్టగలరు. వేసుకోవలసింది మనమే. అప్‌డేట్ వచ్చినప్పుడు 'రేపు చూద్దాం' అనుకోకుండా ఉండటం, ప్రాజెక్టు ఫైళ్లకు మరో కాపీ కంప్యూటర్‌కు తగిలించకుండా విడిగా దాచుకోవడం — ఈ రెండూ మన చేతిలో పనులే.