పాఠం 17: బండి మరమ్మతు – నమ్మకమైన మెకానిక్, న్యాయమైన ధర

17.1 పరిచయం

సూరత్ నగరంలో లింబాయత్, ఉధనా వంటి ప్రాంతాల్లో వేలాది తెలుగు కుటుంబాలు నివసిస్తున్నాయి. వీరిలో చాలామంది కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి మరమగ్గాల పనికి వచ్చినవారు. ఇక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా ప్రాథమిక పాఠశాలలు నడుపుతున్నది. మగ్గం పనితో మొదలుపెట్టి, కొంత కూడబెట్టుకుని, పాత వ్యాను కొని బట్టల మూటలు చేరవేసేవారు ఉన్నారు. బాడుగ కారు నడిపేవారూ ఉన్నారు.

ఇటువంటి కుటుంబానికి బండి ఒక అలంకారం కాదు, జీవనాధారం. బండి గ్యారేజీలో ఉన్నన్ని రోజులు రాబడి ఉండదు. మరమ్మతు సరిగా జరగకపోతే ప్రాణానికే ముప్పు. కాబట్టి మంచి మెకానిక్‌ను గుర్తించడం, బిల్లును చదవడం, అన్యాయం జరిగితే అడగడం అందరూ నేర్చుకోవలసిన విషయాలు.

17.2 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• మరమ్మతు పనిలో మోసానికి అవకాశం ఎందుకు ఉంటుందో వివరించగలుగుతారు.
• మెకానిక్‌కు బండి లోపాన్ని సరిగా చెప్పగలుగుతారు.
• బిల్లులోని తప్పులను గుర్తించగలుగుతారు.
• ఫిర్యాదు లేఖ రాయగలుగుతారు.

17.3 సమస్య ఎక్కడ ఉంది?

కూరగాయలు కొనేటప్పుడు వంకాయ పుచ్చో మంచిదో చేత్తో పట్టుకుని చూస్తాం. బండి మరమ్మతులో అలా కుదరదు. ఏం చెడిపోయిందో చెప్పేది మెకానిక్, బాగుచేసేది మెకానిక్, ధర చెప్పేదీ మెకానికే. పని పూర్తయ్యాక కూడా మార్చిన భాగం నిజంగా మార్చవలసినదేనా అన్నది మనకు తెలియదు.

అమ్మేవాడికి తెలిసి, కొనేవాడికి తెలియని సంగతులు ఉన్నప్పుడు బజారు ఎలా చెడుతుందో అమెరికా ఆర్థికవేత్త జార్జ్ ఎకర్లాఫ్ 1970లో పాత కార్ల ఉదాహరణతో వివరించారు. కొనేవారికి మంచి కారుకూ చెడ్డ కారుకూ తేడా తెలియకపోతే మంచి కారుకు తగిన ధర ఇవ్వరు. అప్పుడు మంచి కారు ఉన్నవారు అమ్మడం మానుకుంటారు. చివరికి బజారులో చెడ్డవే మిగులుతాయి. ఈ కృషికి ఆయనకు 2001లో మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి లభించింది.

ఇదే సూత్రం మెకానిక్‌లకూ వర్తిస్తుంది. ధర ఒక్కటే చూసి అందరికంటే తక్కువ చెప్పినవాడి దగ్గరికే మనం వెళితే, నిజాయితీగా పనిచేసేవాడు నష్టపోతాడు. కాబట్టి నిజాయితీని గుర్తించడం నేర్చుకుంటే మనతోపాటు మంచి పనివాడికీ మేలు జరుగుతుంది.

17.4 మెకానిక్‌తో ఎలా మాట్లాడాలి?

కింది సంభాషణ చదవండి. ఉధనాలో ఉండే ఒక యువకుడు తన మేనమామతో మాట్లాడుతున్నాడు. ఇది తెలంగాణ వాడుక భాషలో ఉంది.

అల్లుడు: మామా, బండి బ్రేకు తొక్కితే కీచుమంటుంది. గ్యారేజీ ఆయన బ్రేకు మొత్తం మార్చాలంటుండు.
మామ: నువ్వు పోయి ఏమని చెప్పినవ్?
అల్లుడు: బ్రేకు పోయింది, మార్చమని చెప్పిన.
మామ: మరి నువ్వే మార్చమంటే ఆయన వద్దంటడా? డాక్టరు దగ్గరికి పోయి కడుపు కొయ్యమంటమా, కడుపు నొస్తుందంటమా?
అల్లుడు: మరెట్ల చెప్పాలె?
మామ: ఎప్పటిసంది మోగుతుంది, పొద్దుగాల మోగుతుందా, బండి వేడెక్కినంక మోగుతుందా, ఏ చక్రం దిక్కు వినబడుతుంది, అది చెప్పు. ఏం మార్చాల్నో ఆయన చెప్పాలె. ఎందుకో కూడ చూపెట్టాలె.
అల్లుడు: పైసల సంగతి?
మామ: సామాను ఎంత, మజూరీ ఎంత, విడివిడిగ కాగితం మీద రాయించుకో. ఇంకేమన్న బయటపడితే ఫోన్ చేసి అడిగినంకనే ముట్టుకోమను. పాత సామాను నాకే ఇయ్యమని ముందే చెప్పు.

ఈ సంభాషణలో మామ చెప్పిన నియమాలు నాలుగు:
1. లక్షణం చెప్పండి, వైద్యం చెప్పకండి.
2. పని మొదలుకాకముందే అంచనాను కాగితం మీద తీసుకోండి.
3. అంచనా దాటే పనికి ముందుగా అనుమతి అడగాలని చెప్పండి.
4. తీసివేసిన పాత భాగాలను తిరిగి అడగండి.

నాలుగో నియమం ముఖ్యమైనది. అరిగిన బ్రేకు ప్యాడును చేతిలో పెట్టుకుని చూస్తే సంగతి మనకే తెలుస్తుంది. సాధారణంగా ప్యాడు మీది రాపిడి పొర 3 మిల్లీమీటర్ల దాకా అరిగితే మార్చవలసిందే. అందులో సగానికి పైగా మిగిలి ఉంటే ఎందుకు మార్చారో అడగవచ్చు. పాత భాగం ఇస్తానని ముందే ఒప్పుకున్న మెకానిక్ మార్చకుండా మార్చానని చెప్పలేడు.

సూరత్‌లో గుజరాతీ మాత్రమే మాట్లాడే మెకానిక్‌తో పని పడితే రెండు వాక్యాలు ఉపయోగపడతాయి. "కేటలా థశే?" అంటే ఎంత అవుతుంది అని అర్థం. "జూనో పార్ట్ పాఛో ఆప్‌జో" అంటే పాత భాగం తిరిగి ఇవ్వండి అని అర్థం.

మంచి మెకానిక్‌ను వెతకవలసింది బండి ఆగిపోయిన రోజున కాదు. బండి బాగున్నప్పుడే ఆయిలు మార్పు వంటి చిన్న పని ఇచ్చి చూడండి. రోజంతా బండి నడిపే టాక్సీ, టెంపో డ్రైవర్లు ఎవరి దగ్గరికి వెళతారో అడగండి. పెద్ద ఖర్చు చెప్పినప్పుడు, మొదటి ధర బయటపెట్టకుండా రెండో మెకానిక్‌కు చూపించండి.

మీ ప్రగతిని తెలుసుకోండి – 1
"బ్రేకు పోయింది, మార్చండి" అనడానికి బదులు ఏమని చెప్పాలి? మీ మాటల్లో మూడు వాక్యాలు రాయండి.

17.5 బిల్లును చదవడం

సూరత్ బజారులో కచ్చా బిల్లు, పక్కా బిల్లు అనే మాటలు తరచుగా వింటాం. కచ్చా బిల్లు అంటే తెల్లకాగితం మీద రాసిచ్చే లెక్క. పక్కా బిల్లు మీద దుకాణం పేరు, బిల్లు సంఖ్య, తేదీ ఉంటాయి. పన్ను వసూలు చేసే దుకాణమైతే జి.ఎస్.టి. సంఖ్య కూడా ఉండాలి. ఈ సంఖ్యలో 15 అక్షరాలు, అంకెలు ఉంటాయి. గుజరాత్‌లో నమోదైనదైతే 24తో మొదలవుతుంది. తెలంగాణదైతే 36తో, ఆంధ్రప్రదేశ్‌దైతే 37తో మొదలవుతుంది. జి.ఎస్.టి.లో నమోదు కాని చిన్న గ్యారేజీలు కూడా ఉంటాయి. అది తప్పు కాదు. కానీ అటువంటి గ్యారేజీ పన్ను పేరుతో డబ్బు వసూలు చేయకూడదు.

మరొక సంగతి. పెట్టెలో వచ్చే విడిభాగం మీద ముద్రించిన గరిష్ఠ చిల్లర ధరలో అన్ని పన్నులూ కలిసే ఉంటాయి. దానిపైన మళ్ళీ పన్ను వేయరాదు.

ఇప్పుడు ఈ బిల్లు చూడండి. ఈ అంకెలు లెక్క నేర్చుకోవడానికి మాత్రమే.

బ్రేకు ప్యాడ్లు (పెట్టె మీది ధర 1,400) – రూ. 1,400
బ్రేకు ఆయిలు (సీసా మీది ధర 200) – రూ. 200
మజూరీ – రూ. 500
మొత్తం – రూ. 2,100
జి.ఎస్.టి. 18 శాతం – రూ. 378
చెల్లించవలసినది – రూ. 2,478

ఇందులో తప్పు ఏమిటి? ప్యాడ్లు, ఆయిలు ముద్రించిన ధరకే అమ్మారు. వాటి మీద పన్ను అప్పటికే చేరి ఉంది. పన్ను వేయవలసింది మజూరీ 500 రూపాయల మీద మాత్రమే. అది 90 రూపాయలు. కాబట్టి ఇవ్వవలసింది 2,190 రూపాయలు. అదనంగా వేసింది 288 రూపాయలు.

మీ ప్రగతిని తెలుసుకోండి – 2
పై బిల్లు మీద జి.ఎస్.టి. సంఖ్య లేదనుకోండి. ఆ గ్యారేజీ నమోదు కాలేదని తెలిసింది. అప్పుడు ఎంత ఇవ్వాలి?

17.6 వరద నీటిలో మునిగిన బండి

2006 ఆగస్టులో ఉకాయి జలాశయం నుంచి పెద్ద ఎత్తున నీరు వదలడంతో తాపీ నది పొంగి సూరత్ నగరంలో చాలా భాగం మునిగింది. ఇటువంటి సమయంలో యజమాని చేసే ఒక్క పొరపాటు మరమ్మతు ఖర్చును ఎన్నో రెట్లు పెంచుతుంది. అది మునిగిన బండిని స్టార్ట్ చేయడం. గాలి అణుగుతుంది గాని నీరు అణగదు. సిలిండరులో నీరు ఉండగా పిస్టన్ పైకి వస్తే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. అప్పుడు శుభ్రం చేస్తే సరిపోయే ఇంజను పూర్తిగా విప్పవలసి వస్తుంది. కాబట్టి తాళం తిప్పకండి. బ్యాటరీ తీగ విప్పించి, ఫోటోలు తీసుకుని, బీమా కంపెనీకి తెలియజేసి, బండిని లాగించుకుని వెళ్ళండి.

17.7 అన్యాయం జరిగితే

బిల్లు మీద తగవు వస్తే బండిని బలవంతంగా తీసుకుపోవడం సరికాదు. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 170వ సెక్షను ప్రకారం, పని చేసినవాడు తనకు న్యాయంగా రావలసిన సొమ్ము అందేదాకా ఆ వస్తువును తన వద్ద ఉంచుకోవచ్చు. అందువల్ల "అభ్యంతరంతో చెల్లిస్తున్నాను" అని బిల్లు మీద రాసి, డబ్బు ఇచ్చి, బండి తెచ్చుకుని, తరువాత ఫిర్యాదు చేయడం మేలు.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలైలో అమలులోకి వచ్చింది. ఈ చట్టం కింద సేవలో లోపం ఉంటే పరిహారం కోరవచ్చు. అడిగినా బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి అవుతుంది. 1915 నంబరుకు ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం తెలుగులో కూడా సమాధానం ఇస్తుంది. అక్కడ తేలకపోతే మీరు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్ళ లోపు వెళ్ళవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయలలోపు అయితే రుసుము లేదు. వకీలు తప్పనిసరి కాదు.

ఒక్కరి ఫిర్యాదు వల్ల ఏమవుతుందని అనుకోకండి. విడిభాగాలను బయటి గ్యారేజీలకు దొరకనివ్వడం లేదని 2011లో ఒక వ్యక్తి ఇచ్చిన ఫిర్యాదుతోనే విచారణ మొదలై, 2014 ఆగస్టులో భారత పోటీ కమిషన్ 14 కార్ల కంపెనీల మీద సుమారు 2,544 కోట్ల రూపాయల జరిమానా విధించింది. దాని మీద కంపెనీలు న్యాయపోరాటానికి వెళ్ళాయి. అయినా, బయటి మెకానిక్‌లకు కూడా విడిభాగాలు, పనిముట్లు అందాలన్న వాదానికి ఆ తీర్పు బలం ఇచ్చింది.

ముందుగా గ్యారేజీ యజమానికి ఒక లేఖ రాయండి. నమూనా:

గ్యారేజీ యజమాని గారికి,
నమస్కారాలు. ......... తేదీన నా బండి (నంబరు .........) మీ గ్యారేజీలో మరమ్మతుకు ఇచ్చాను. మీరు ఇచ్చిన అంచనా రూ. ......... . బిల్లు రూ. ......... . నా అనుమతి లేకుండా ......... పని చేశారు. దాని సొమ్ము రూ. ......... 15 రోజులలోగా తిరిగి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. అంచనా, బిల్లు నకళ్ళు జతచేస్తున్నాను.
ఇట్లు,
(సంతకం, చిరునామా, తేదీ)

లేఖలో నిందలు, దూషణలు వద్దు. తేదీ, అంకె, కోరిక ఈ మూడూ ఉంటే చాలు. ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి.

17.8 సారాంశం

మరమ్మతు విషయంలో మెకానిక్‌కు తెలిసినంత మనకు తెలియదు. ఆ లోటును తీర్చేవి లక్షణాలు చెప్పడం, రాతపూర్వక అంచనా, పాత భాగాలు, పక్కా బిల్లు. ఇవి అడగడం అనుమానించడం కాదు. మంచి మెకానిక్ వీటికి కోపగించుకోడు. అటువంటి వాడు దొరికితే అడిగిన న్యాయమైన మజూరీ బేరమాడకుండా ఇవ్వండి, నలుగురికీ చెప్పండి.

ముఖ్య పదాలు
అంచనా: పనికి ముందు చెప్పే ఖర్చు లెక్క
మజూరీ: చేసిన పనికి ఇచ్చే కూలి
విడిభాగం: యంత్రంలో విడిగా మార్చగల భాగం
నకలు: ప్రతి, కాపీ

పాఠాంత ప్రశ్నలు
1. తక్కువ ధర ఒక్కటే చూసి మెకానిక్‌ను ఎంచుకుంటే కలిగే నష్టం ఏమిటి?
2. నీటిలో మునిగిన బండిని ఎందుకు స్టార్ట్ చేయకూడదు?
3. సంభాషణలోని మామ మాటలను శిష్ట వ్యావహారికంలోకి మార్చి రాయండి.
4. నమూనా లేఖలోని ఖాళీలను మీకు నచ్చిన వివరాలతో పూరించండి.

మీ ప్రగతిని తెలుసుకోండి – జవాబులు
1. ఉదా: "వారం రోజులుగా బ్రేకు తొక్కితే కీచుమంటున్నది. ముందు ఎడమ చక్రం వైపు వినిపిస్తున్నది. ఉదయం ఎక్కువగా ఉంటుంది."
2. రూ. 2,100. నమోదు కాని గ్యారేజీ పన్ను వసూలు చేయరాదు.